పరిశోధకుల బత్తెము

రెండేండ్ల క్రిందట నొక శ్రావణమాసపు సాయంకాలమున, మా పాఠశాలలోఁ బూర్వము చదివిన యొక బాలిక తన తల్లిని వెంటఁబెట్టుకొని మా యింటికి వచ్చెను. బాలిక యనుట మా యలవాటు. ఆమెకు నప్పటికే యిరువదియాఱేండ్లు. సమాజశాస్త్రమున ఎం.ఏ. పూర్తిచేసి, జాతీయార్హత పరీక్షలో గెలిచి, పరిశోధక విద్యార్థినిగ నొక విశ్వవిద్యాలయమునఁ బ్రవేశము పొందినది. నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్పు రానున్నది. ఆ శుభవార్త చెప్పిపోవుటకే వచ్చిరని మేము తలఁచితిమి. కాని వారు వచ్చినది సందేహము తీర్చుకొనుటకు. తల్లి నిజామాబాదు జిల్లాలో నొక గ్రామమున బీడీలు చుట్టి సంసారము నడపిన యిల్లాలు. కూఁతురు చెప్పినదంతయు విన్నను ఆమెకు నమ్మకము కుదురలేదు. చాపమీఁదఁ గూర్చుండి, కొంగు సవరించుకొని, మమ్ము నిట్లడిగెను.

"సారూ, గీ పైసలు జీతమా, అప్పా? మల్ల తిప్పి కట్టాల్నా?"

కట్టనక్కఱ లేదని చెప్పితిమి. ఆమె యంతటితో నూరకుండలేదు.

"జీతమైతె ఏం పని జేయాలె? మాకు వెయ్యి బీడీలకు గింత అని ఇస్తరు. మా పిల్లకు ఎన్ని కాయితాలు రాస్తె ఎంత ఇస్తరు?"

మాకు నవ్వు వచ్చెను. కూఁతురు తల వంచుకొనెను. మేము పెద్దతనమునకుఁ దగినట్లు గొంతు సవరించుకొని, "అది జీతం కాదమ్మా, మీ అమ్మాయి తెలివికి సర్కారు ఇచ్చే బహుమానం" అంటిమి. ఆ తల్లి మా ముఖము వంకఁ గొంతసేపు చూచి యిట్లనెను: "బహుమానమైతె ఒక్కపారి ఇస్తరు గద సారూ. నెలనెలా ఎందుకిస్తరు?"

ఈ ప్రశ్నకు మా యొద్ద సమాధానము లేకపోయెను. ఇరువదేండ్లుగఁ బిల్లలకుఁ బాఠములు చెప్పుచున్న మాకుఁ దోఁపని సంగతి యక్షరము ముక్క రాని యాపెకుఁ దోఁచినది. నాఁటినుండి యీ విషయమును గూర్చి యాలోచించుచున్నాము. మాకుఁ దోఁచినదానిని చదువరుల ముందుంచుచున్నాము.

మన దేశమునఁ జదువుకొను పేదవానికిఁ గూడు పెట్టు నాచారము క్రొత్తది కాదు. మన తాతల నాఁటి సంస్కృత విద్యార్థులలో ననేకులు వారములు చేసికొని చదివినవారే. ఆదివారమొక యింట, సోమవార మింకొక యింట, ఇట్లు వారమునకేడిండ్లు కుదుర్చుకొని, వారు పెట్టినది తిని, వీథియరుగుమీఁద నిద్రించి, కావ్యములును వ్యాకరణమును వల్లించిరి. ఆ యిల్లాండ్రు ధర్మమని పెట్టిరి. వారి యన్నము తిన్నవారిలో మహాపండితులైనవారును గలరు. ఆ మేలును మేము మఱవఁజాలము.

అయినను ఆ యేర్పాటులో మూఁడు లోపములు గలవు. అన్నము పెట్టునామె మనసు మాఱిన విద్యార్థి చదువు నాఁటితో సరి. తిన్నవాఁడు నీళ్లు తోడి, కట్టెలు కొట్టి, పిల్లలనెత్తుకొని, యెల్లప్పుడును తల వంచుకొని తిరుగవలయును. అన్నిటికంటెఁ బెద్ద లోప మేమనఁగా, ఆ యిండ్ల గడపలు ఒక కులపు మగపిల్లలకే తెఱవఁబడినవి. మాల మాదిగల పిల్లవానికి వారములేదు. సాలె, కుమ్మరి, గొల్ల పిల్లవానికి లేదు. ఏ కులపుటాఁడుపిల్లకును లేదు. బుద్ధి యుండియుఁ గడుపు నిండక చదువు మానినవా రెందఱో లెక్క వ్రాసినవారు లేరు.

నేఁటి ఫెలోషిప్పు ఆ వారపుటన్నమునకు బిడ్డయే. కాని దానివలె నొకరి దయ కాదు, నియమము ననుసరించి వచ్చు హక్కు. ఇచ్చువా రెవరో పుచ్చుకొనువా రెఱుఁగరు. పుచ్చుకొనువాని కుల మేదైనను ఇచ్చువాని వంటయిల్లు మైలపడదు. ఈ భేదమును గుర్తింపక, "సర్కారు తిండి తిని చదువుచున్నారు" అని యెకసక్కెములాడు పెద్దమనుష్యులను మేము చూచియున్నాము. వారిలోఁ గొందఱి తాతలు వారములు చేసికొని చదివినవారే యగుట విచిత్రము.

నెలనెలా యెందుకిత్తురను ప్రశ్నకు మాకు దొరకిన మొదటి సమాధానము ఒక మహనీయుని జీవితమున నున్నది. 1913వ సంవత్సరమున బరోడా సంస్థానాధీశుఁడైన శాయాజీరావు గైక్వాడు మహారాజు భీమరావు అంబేడ్కరునకు నెలకుఁ బదునొకండున్నర పౌనుల చొప్పున మూఁడేండ్లకు విద్యార్థివేతన మేర్పఱచి, న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమునకుఁ బంపెను. ఆ వేతనముతో నాయన యచ్చట నర్థశాస్త్రము, సమాజశాస్త్రము, చరిత్ర మొదలగునవి చదివెను. 1916 మే నెలలో హిందూదేశమందలి కులముల పుట్టుకను గూర్చి యొక విద్వద్గోష్ఠిలో వ్యాసము చదివెను. అది మఱుసటి సంవత్సరమే ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో నచ్చుపడెను. కులవ్యవస్థను గూర్చి యంతకుముందు వ్రాసినవా రనేకులు. కాని యా వ్యవస్థకుఁ బాదములక్రింద నలిగినవాఁడు శాస్త్రజ్ఞుఁడై, పరిశోధకుఁడై దానిని విమర్శించుట పండితలోకమునకుఁ గ్రొత్త. నెలకుఁ బదునొకండున్నర పౌనులు లేకున్న నా వ్యాసము లేదు.

తరువాతి కథయు వినఁదగినది. లండనులో నాయన పరిశోధన సాగుచుండఁగా వేతనపు గడువు తీఱెను. పని నడుమ విడిచి 1917లో స్వదేశమునకు మరలవలసివచ్చెను. ఒడంబడిక ప్రకారము బరోడాలోఁ గొలువు చేయఁబోఁగా నచ్చట నుండుటకు ఇల్లు దొరకలేదు. పారసీకుల సత్రమునఁ గులము దాఁచుకొని దిగఁగా, సంగతి బయటపడి యచ్చటినుండియుఁ దఱుమఁబడెను. పిమ్మట బొంబాయిలో సిడెన్‌హామ్ కళాశాలయందు అధ్యాపకత్వము చేసి కొంత కూడఁబెట్టి, కొల్హాపురపు శాహూ మహారాజుగారి సాయమును ఒక మిత్రుని యప్పును దోడుచేసికొని, 1920లో మరల లండనునకుఁ బోయెను. 1923లో డి.ఎస్సీ. పట్టము పొందెను. వేతనము నడుమ నాఁగుటచేత నంతటి మేధావికి మూఁడేండ్లు విఘ్నము కలిగెను. ఆయన మహాపురుషుఁడు గావున మరలఁ బోఁగలిగెను. అట్లు మరలఁ బోలేక నిలిచిపోయినవారి పేరులు మన మెఱుఁగము. వారు వ్రాయని గ్రంథములకు సూచికలు లేవు.

ఇఁక నేఁటి యేర్పాటు లెట్లున్నవో చూతము. ఇవి తెలియక గ్రామములలోఁ జదువు ముగించువారు పెక్కురు గావునఁ గొంచెము వివరముగనే చెప్పుచున్నాము. విశ్వవిద్యాలయ నిధుల సంఘము పక్షమున జాతీయార్హత పరీక్ష, యనఁగా 'నెట్' అను పరీక్ష, సామాన్యముగ నేఁటికి రెండుమాఱులు జరుగును. అందు గెలిచినవారందఱికి ఫెలోషిప్పు రాదు. పై వరుసలోని కొందఱికి మాత్రమే జూనియర్ రిసెర్చి ఫెలోషిప్పు లభించును. దానికి వయఃపరిమితి ముప్పదేండ్లు. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, వెనుకఁబడిన తరగతులలో సంపన్నశ్రేణికిఁ జెందనివారికిని, వికలాంగులకును నైదేండ్లవఱకు సడలింపు గలదు. 2023 జనవరి 1వ తేది మొదలుకొని మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, పనిని పరీక్షించి తృప్తిచెందినపిదప మిగిలిన మూఁడేండ్లు నెలకు 42,000 రూపాయలుగ నిర్ణయింపఁబడినది. అంతకుముందు, 2019 మొదలుకొని, ఇది 31,000, 35,000 రూపాయలుగ నుండెను. ఇంటియద్దె భత్యము వేఱు. పుస్తకములకును బ్రయాణములకును సమాజశాస్త్రములవారికి మొదటి రెండేండ్లు సాలుకు 10,000, పిదప 20,500 రూపాయలు గలవు.

ఇవిగాక 2005–06లో రాజీవుగాంధి పేర మొదలై, ఇప్పుడు జాతీయ ఫెలోషిప్పులను పేరఁ గొనసాగుచున్న వేతనములు గలవు. ఇవి షెడ్యూల్డు కులములవారికి సాలునకు 2,000, షెడ్యూల్డు తెగలవారికి 750. సమాజశాస్త్రములకే ప్రత్యేకముగ 1969లో స్థాపింపఁబడిన భారత సమాజశాస్త్ర పరిశోధన మండలి గలదు. దాని దక్షిణ ప్రాంతపు కేంద్రము హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణముననే యున్నది. ఈ మండలి పరిశోధక విద్యార్థులకే గాక, పట్టము పొందియు నింకను స్థిరమైన కొలువు దొరకని క్రొత్త పండితులకును బోస్టుడాక్టొరల్ ఫెలోషిప్పు లిచ్చును. గ్రామములు తిరిగి సమాచారము సేకరించి, తుదకు గ్రంథము వ్రాయుటకు మాత్రమే వ్యవధి చాలనివారికి స్వల్పకాలపు వేతన మొకటి యిచ్చుచుండుట మాకు మిక్కిలి నచ్చిన సంగతి. పరిశోధన యేచోట నాఁగిపోవునో యెఱిఁగినవారు చేసిన యేర్పాటది.

ఇచ్చినది నిలుచునన్న ధైర్యము మాత్రము చాలదు. అల్పసంఖ్యాక మతములవారి కొఱకు 2009లో మౌలానా ఆజాదు పేర నేర్పడిన ఫెలోషిప్పు 2022తో క్రొత్తవారికి లేకుండఁ బోయెను. ఇతర పథకములు గలవు గదా యని ప్రభుత్వము చెప్పెను. నెట్ ఫెలోషిప్పు లేని కేంద్ర విశ్వవిద్యాలయ పరిశోధకులకు నెలకిచ్చు 8,000 రూపాయలను సయితము ఆపివేయ 2015 అక్టోబరులో నిర్ణయము జరిగెను. విద్యార్థులు ఢిల్లీలో సంఘపు కార్యాలయము ముందు రేయింబవళ్లు కూర్చుండిరి. ప్రభుత్వము సమీక్షాసంఘమును నియమించి, వేతనము కొనసాగునని చెప్పవలసివచ్చెను. ఎనిమిదివేల రూపాయలకై యంత గొడవ యేల యని యడుగువారికి ఎనిమిదివేలతో నెలగడపు నింటిలోఁ గొన్నాళ్లుండి చూడుఁడని చెప్పుటకంటె వేఱు సమాధానము లేదు.

ఆ తల్లి యడిగిన రెండవ ప్రశ్న యేమి పని చేయవలయునని. ఇదియు సామాన్యమైన ప్రశ్న కాదు. విజ్ఞానశాస్త్ర పరిశోధకుఁడు మందు కనిపెట్టిన లోకము మెచ్చును. సమాజశాస్త్ర పరిశోధకుఁడు తెచ్చునది యేమి? మనము చూచుచుండియుఁ జూడని దానిని చూపుటయే యతని పని. 1943లో హైమెన్‌డార్ఫు దొరగారు నల్లమల యడవులలోని చెంచులను గూర్చి పెద్ద గ్రంథము వెలువరించిరి. 1955లో దూబేగారు ఉస్మానియా విశ్వవిద్యాలయపు బృందముతోఁ బరిశోధించి, హైదరాబాదు చెంతనున్న శామీరుపేట గ్రామ జీవనమును వర్ణించి 'ఇండియన్ విలేజ్' అను గ్రంథమును బ్రకటించిరి. ఇవి మేలైన కృతులు. ఆ పండితుల శ్రమకు మనము ఋణపడియున్నాము. అయినను ఒక సంగతి చెప్పక తప్పదు. ఆ గ్రంథములలో చెంచులు వ్రాయఁబడిరి గాని వ్రాయలేదు. శామీరుపేట కూలివాఁడు ప్రశ్నకు బదులు చెప్పెనే గాని ప్రశ్న వేయలేదు.

మా శిష్యురాలు తీసికొన్న విషయము బీడీలు చుట్టు స్త్రీల కాలవ్యయము. దినమునకు నెన్ని గంటలు పని చేయుదురని యడిగి వ్రాసికొనిపోవుట యెవరికైనను సాధ్యమే. కాని యా పిల్ల యొకనాఁడు మాతో నన్నది: "సార్, బయటివాళ్లు వచ్చి ఎన్ని గంటలని అడిగితే మా అమ్మ ఆరు గంటలంటుంది. అన్నం ఉడికేలోగా చేసింది, రాత్రి మేం పడుకున్నాక చేసింది పని అని ఆమెకే అనిపించదు. తునికాకు కత్తిరించింది నేను. అది ఎవరి లెక్కలోనూ లేదు." పదేండ్ల వయసున బడినుండి వచ్చి, పుస్తకము ప్రక్కనుంచి, తల్లి కొఱకు తడియాకు కత్తిరించిన చేతులవి. మా తరగతిలో నాలుగేండ్లు కూర్చున్నను మేమెఱుఁగని సంగతి యిది. ఆమె యింటిపాఠము వ్రాసికొని రానినాఁడు మేము బెంచి యెక్కించితిమి. ఈ యొక్క వాక్యమునకై యైదేండ్ల వేతన మిచ్చినను నష్టము లేదని మా నమ్మకము.

కావున నిది బహుమానము కాదు. పనికిఁ దగిన కూలి. ఆ పనికిఁ గాలము ముఖ్యము. పొలమున్నవాని కుమారుఁడు పదేండ్లు పరిశోధన చేయఁగలఁడు. అతనికిఁ గాలము తండ్రి యిచ్చును. లేనివారికిఁ గాలమును నెలనెలా కొనియీయవలయును. ఫెలోషిప్పు చేయు పని యిదియే. నెలనెలా యెందుకిత్తురన్నదానికి మా సమాధాన మిప్పటికి దొరకినది: ఆఁకలి నెలనెలా వచ్చును గనుక.

ఈ సమాధానమునుండియే రెండవ సంగతి పుట్టుచున్నది. వేతనము నెలనెలా రానిచో నది పేరునకే ఫెలోషిప్పు. మా శిష్యురాలికి మొదటి పైకము చేతికి వచ్చుటకు నైదు నెలలు పట్టెను. పద్ధతి చెడ్డది కాదు. పరిశోధకుఁడు పని చేయుచున్నాఁడని విశ్వవిద్యాలయమువారు నెలనెలా బ్యాంకువారి జాలస్థలమున ధ్రువపఱచవలయును. మేకరు అను నొకఁడు వివరము లెక్కించును. చెకరు అను నింకొకఁడు సరిచూచి యామోదించును. పిదప ధనము నేరుగ నామె ఖాతాలోఁ బడును. నడుమ లంచము పుచ్చుకొను చేయి లేదు. కాని మేకరు సెలవుమీఁదఁ బోయినను, చెకరు బదిలీయైనను, ఖాతా సంఖ్యలో నొక యంకె తప్పినను, గడువుతేది దాఁటిపోవును. ఆ నెల మఱుసటి నెలలోఁ గలియును. అది యటుపై నెలలోఁ గలియును. ఎవరి తప్పును గాదు. అందఱును మర్యాదగనే మాటలాడుదురు. ఆమె మాత్రము గదియద్దె కట్టలేదు.

ఆ యైదు నెలలలో నామె చేసినది చెప్పుదుము. ముగ్గురితోఁ గలిసి యున్న గదినుండి, అయిదుగురున్న గదికి మాఱెను. సాయంకాలము లిద్దఱు పిల్లలకు నింటికిఁ బోయి చదువు చెప్పెను. గ్రామములకుఁ బోవలసిన ప్రయాణములు మూఁడుమాఱులు వాయిదా వేసెను. తల్లి కట్టుచున్న చీటీ పాడి పైకము పంపెను. అనఁగాఁ బ్రభుత్వము చెల్లింపవలసిన బత్తెమును బీడీలు చుట్టిన తల్లి చెల్లించెను. అదే విభాగమున నామెతోఁబాటు చేరిన యింకొక విద్యార్థికిని వేతన మైదు నెలలు రాలేదు. అతని తండ్రి పెద్ద యుద్యోగి. అతఁ డా సంగతి గమనింపనే లేదని నవ్వుచుఁ జెప్పెనఁట. అతని తప్పేమియు లేదు. ఆలస్యము అందఱికి నొక్కటే యైనను దెబ్బ యందఱికి నొక్కటి కాదు. నియమముచేత సమానముగ నిచ్చినదానిని ఆలస్యము మరల నసమానముగఁ జేయును. మేము చెప్పఁదలఁచిన ముఖ్యవిషయ మిదియే.

2016 జనవరిలో హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయమునఁ బ్రాణములు విడిచిన యొక దళిత పరిశోధకుని తుదిలేఖను దేశమంతయుఁ జదివినది. తనకు రావలసిన యేడు నెలల ఫెలోషిప్పు, ఒక లక్షా డెబ్బదియైదువేల రూపాయలు, తన వారికిఁ జేరునట్లు చూడుఁడని యందు వ్రాసియుండెను. ఆ దుఃఖమునకుఁ గారణములు పెక్కు. వానిని గూర్చి వాదోపవాదములు జరిగినవి. మే మా వాదములలోనికిఁ బోము. ఆ యంకెను మాత్రము మఱవలేకున్నాము. ఏడు నెలలు ఇరువదియైదువేల చొప్పున లెక్కవేసికొనుటకుఁ బెద్ద గణితము రానక్కఱలేదు.

ఫ్యాక్టరీ కూలివానికి వేతనము మఱుసటి నెల యేడవ తేదిలోపలఁ జెల్లింపవలయునని 1936 నాఁటి వేతనముల చెల్లింపు చట్టము నియమించెను. వెయ్యిమందికి మించిన చోట పదవ తేది. దొరల యేలుబడిలోనే కూలికిఁ దేది యేర్పడినది. పరిశోధకునికి మాత్రము అట్టి తేది నేఁటికిని రాలేదు. అతఁడు ఉద్యోగి కాఁడు, విద్యార్థి యందురు. విద్యార్థి యనుకొనిన వేఱు కొలువు చేయరాదందురు. రెండు నియమముల నడుమ నతఁడు నిలిచియున్నాఁడు. ఆలస్యమైన వేతనమునకు బాధ్యత వహించు నధికారి పేరును, తేదియు, ప్రతి విశ్వవిద్యాలయపు గోడమీఁద వ్రాయింపవలయునని మా కోరిక. దీనికిఁ గ్రొత్త ధనము అక్కఱలేదు.

ఇంత ఆవేశము మీకేల యని చదువరు లడుగవచ్చును. మేమును మా యిరువదినాల్గవ యేఁటఁ బరిశోధనకుఁ బూనుకొనినవారమే. 1822లో మద్రాసు గవర్నరు మన్రో దొరగారు గ్రామములలోని బడులను గూర్చి విచారణ చేయించిరి. ఆ లెక్కలు ముందుంచుకొని, మా ప్రాంతమున వీథిబడు లెట్లు నశించినవో వ్రాయవలయునని మా సంకల్పము. ఏడాదిన్నర వృద్ధులను గలిసి, వారు చెప్పినది వ్రాసికొంటిమి. ఫెలోషిప్పు లేదు. తండ్రిగారు మంచము పట్టిరి. ఉపాధ్యాయోద్యోగము వచ్చెను, కృతజ్ఞతతోఁ జేరితిమి. బడిపంతులుతనము మా కిష్టమే, దానిని నిందింపము. కాని యా నోటుపుస్తకములు నాలుగును నేఁటికి మా యటకమీఁద నున్నవి. అందు మాటలాడిన వృద్ధు లిప్పు డొక్కరును లేరు. వారు చెప్పినది మఱి యెవరును వ్రాసికొనలేదు. పరిశోధన నడుమ నాఁగిన, నష్టపడునది పరిశోధకుఁ డొక్కఁడే కాఁడు.

ప్రభుత్వమును నిందించి యూరకుండుట సులభము. మన యిండ్లలో జరుగుచున్నదియుఁ గొంత చెప్పుకొందము. సంస్కారులమని చెప్పుకొను కుటుంబములలో సయితము పరిశోధన చేయు పిల్లను చూచి, "ఇంకా చదువేనా?" యని యడుగుచుందుము. నెలకు నలువదివేలు తెచ్చు గుమాస్తాను అట్లడుగము. కొడుకు ఫెలోషిప్పు వాని పుస్తకములకగును. కూఁతురి ఫెలోషిప్పు తమ్ముని ఫీజునకో, పెండ్లిఖర్చునకో యగును. ఆ పైకమునకు లెక్క చెప్పవలసినది ఆమెయే. క్షేత్రమునకుఁ బోలేకపోయిన రెండేండ్ల తరువాతఁ బనిని పరీక్షించువారి యెదుట నిలువవలసినదియు నామెయే. పెండ్లియైన పిదప అత్తవారు "ఆ పుస్తకమేదో త్వరగా ముగించు" మందురు. 2022 నాఁటి నియమావళి ప్రకారము స్త్రీలకుఁ బరిశోధన ముగించుటకు రెండేం డ్లధిక వ్యవధియు, ప్రసవమునకు శిశుపోషణకు మొత్తము 240 దినముల సెలవును గలవని యెందఱత్తమామలు ఎఱుఁగుదురు? అత్తమామల మాట యటుండ, ఎందఱు విద్యార్థినులు ఎఱుఁగుదురు?

మా తోడి యుపాధ్యాయులకు నొక విన్నపము. పదవతరగతి పిల్లలకు ఇంజనీరు, డాక్టరు, పోలీసు కొలువులను గూర్చి చెప్పుచున్నాము. వారి పల్లెను వారే చదివి వ్రాయుటకు బత్తె మిచ్చు మార్గ మొకటి గలదని చెప్పుచున్నామా? వయసు ముప్పది దాఁటక ముందే తెలిసిన గదా ప్రయోజనము. కులధ్రువపత్రము, ఆదాయపత్రము సకాలమునఁ దెచ్చుకొనక యర్హత పోఁగొట్టుకొనినవారిని మేమెఱుఁగుదుము. ఒక్క కాగితము లేక యొక గ్రంథము పుట్టకపోవుట యెంత యన్యాయము!

మొన్న సంక్రాంతికి మా శిష్యురాలు తల్లితో మరల వచ్చినది. బాకీ యంతయు నొక్కమాఱుగ వచ్చినదఁట. చీటీ యప్పు తీఱినదఁట. తరువాత మరల రెండు నెలలు నిలిచినవఁట. క్షేత్రకార్యము సగమైనది. తల్లికి మేము తప్పు చెప్పితిమని యొప్పుకొంటిమి. "అది బహుమానం కాదమ్మా, జీతమే. మీ అమ్మాయి చేసేది పనే. కాయితాల లెక్కన ఇవ్వరు, ఆమె బతికి, తిరిగి, నిజం తెలుసుకొని రాయడానికి నెల లెక్కన ఇస్తారు" అని విశదపఱచితిమి. ఆమె సాంతముగ విని, యొక్క నిమేష మాలోచించి, తల యూఁచెను.

"ఇగ సమజైంది సారూ. మా కార్ఖానల గూడ ఆకు మంచిగ లేకపోతె పని ఆగుతది గని, చేసిన పనికి పైసలు ఆగితె మేం ఊకోం. పది మందిమి కలిసి పోయి అడుగుతం. వీళ్లు సదువుకున్నోళ్లు గద, ఎందుకు అడుగరు?"

అడిగినవారు లేకపోలేదని చెప్పితిమి. వారడిగిననాఁడు మనవంటి గృహస్థులు తలుపులు మూసికొని వార్తాపత్రికలు చదువుకొనుచుంటిమని మాత్రము చెప్పలేకపోయితిమి. ఆమె కిచ్చిన కాఫీ చల్లారుచుండెను. కూఁతురు తన సంచిలోనుండి నోటుపుస్తకము తీసి, తల్లి చెప్పిన మాట వ్రాసికొనుచుండెను.